బ్రాంచ్ అవుట్ అయిన కుర్చీ

"పచ్చి చెక్క అంటగడతారా?" ఇంగ్లీషు టీచర్ వడ్రంగి మీద విరుచుకుపడింది.

"టీచర్ గారూ, ఆ కుర్చీ వయసు నా వయసుకి రెట్టింపు. విరిగిన చెయ్యి అతికించానంతే. ఎండిన చెక్క ఎక్కడైనా చిగురేస్తుందా?"

"మరి ఇదేమిటి?"

కుర్చీ చేతి మీద లేత ఆకు. క్లాసు గదిలో గాలి లేదు, అయినా అది కదులుతోంది. ఆమె దాన్ని గిల్లి పారేసింది.

"అబ్బా!" అన్నాడు వడ్రంగి. ఆ కుర్చీ బాగుచేసేటప్పుడు ఉలి దిగిన అతని వేలిలోంచి మళ్ళీ రక్తం చుక్క వచ్చింది.

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. వడ్రంగి మాట మార్చడానికి బోర్డు మీద రాసి ఉన్న ఇంగ్లీషు మాట వైపు చూశాడు. "బ్రాంచ్ అవుట్ అంటే ఏమిటండీ?"

"చేస్తున్న పని వదలకుండా కొత్త పనుల్లోకి విస్తరించడం. కుర్చీలు చేసే మీరు రేపు తలుపులూ చేస్తే, బ్రాంచ్ అవుట్ అయినట్టు."

ఆ మాట అనగానే ఇంకో ఆకు విచ్చుకుంది. ఇద్దరూ ఒక అడుగు వెనక్కి వేశారు.

అప్పటినుంచి కొమ్మలు కత్తిరించే సాకుతో అతను రోజూ వచ్చేవాడు. ఒక్కటీ కత్తిరించిన పాపాన పోలేదు. ఆమెను చూడటానికే టైము చాలేది కాదు మరి. అతని చూపు ఎటు తిరిగితే కొమ్మలూ అటే తిరిగేవి. ఆమె ఏమీ ఎరగనట్టు పాఠం చెప్పుకునేది.

"వచ్చే వారం నుంచి నేనూ బ్రాంచ్ అవుట్ అవుతున్నానండోయ్!" అంది ఓ సాయంత్రం.

ఆమె పాఠాలు చెప్పే ఇన్‌స్టిట్యూట్‌కి పక్క ఊళ్ళో ఇంకో బ్రాంచ్ ఉంది. ఈ బ్రాంచ్ నుంచి అవుట్ అన్నమాట! అనుకున్నాడు వడ్రంగి. నేర్చుకున్న పాఠం కాస్తా గాలికెగిరిపోయింది. రంపం తీసుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు.

వాన కురుస్తున్న ఓ మధ్యాహ్నం అతని ఫోన్ మోగింది. "త్వరగా రండి. కుర్చీ నన్ను లేవనివ్వడం లేదు."

రంపం పట్టుకుని తడుస్తూ పరిగెత్తాడు. ఆమె ఎడమ చేతికి కొమ్మ గాజులా చుట్టుకుని ఉంది. బిగించడం లేదు, వదలడమూ లేదు.

"వెళ్ళేవాళ్ళని వెళ్ళనివ్వాలి కదండీ," అంటూ అతి కష్టం మీద రంపం ఎత్తాడు.

"ఎవరు వెళ్తున్నారు? ఇక్కడే పొద్దున ఇంగ్లీషు, సాయంత్రం సంగీతం నేర్పుతానని నా అర్థం. అదీ బ్రాంచ్ అవుట్! ఇన్నాళ్ళూ పాఠం చెప్పింది గోడకా?"

రంపం జారి పడింది. కొమ్మ వణికింది, అతని చెయ్యి వణికినట్టే.

"ఇది కోస్తే మీకు నొప్పి కదూ?" ఆమె గొంతు తగ్గింది. "మీరు నోరు విప్పరు. మీ రక్తం తాగిన కుర్చీ మాత్రం రోజూ చెబుతూనే ఉంది."

"భయమేసిందండీ."

"నాకు వేయలేదా? అయినా రోజూ ఇందులోనే కూర్చున్నాను."

వడ్రంగి తలెత్తి ఆమెను చూశాడు. "మీరంటే నాకు ప్రాణం."

కొమ్మ మెల్లగా సడలింది. ఆమె మాత్రం చెయ్యి తీయలేదు.