చింతవంక మిట్ట మీద ఒంటికాలి కారు

కంబదూరుకు ఇవతల, చింతవంక దాటగానే రోడ్డు ఒక్కసారిగా పైకి లేస్తుంది. దాన్ని చింతవంక మిట్ట అంటారు. అక్కడ చింతచెట్టు లేదు, వంకలో నీళ్ళూ లేవు. చెడ్డపేరు మాత్రం గట్టిగా ఉంది.

పొద్దు గూకాక ఆ మిట్ట ఎక్కేవాళ్ళు వెనక్కి తిరిగి చూడరు. చూస్తే... కింద, రోడ్డు అడుగున వంక పోయే మోరీ దగ్గర ఒక ఆడమనిషి బింద పట్టుకుని నిలబడి ఉంటుందట. ఏదో కరువులో నీళ్ళు మోసి మోసి ఆ మిట్ట మీదే ప్రాణం విడిచిందట. కాస్త తలకెత్తమని అడుగుతుందట. ఎత్తినవాడు ఎవడూ బతికి బట్టకట్టలేదని ఊళ్ళో ప్రతివాడూ చెబుతాడు. మరి ఆ ముచ్చట తిరిగొచ్చి మీకు చెప్పిందెవరయ్యా అని అడిగితే మాత్రం నా మీద కోపం చేసుకుంటారు.

ఈ కథ నాకు చెప్పింది గొర్రెలు మేపే తిప్పేస్వామి. ఆరడుగుల మనిషి, తోడేలును కర్రతో తరిమినవాడు. ఇది చెప్పేటప్పుడు మాత్రం టీకొట్టు గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు.

కథ విష్ణువర్ధన్‌ది. నలభై ఎకరాల ఆసామి. నలభై ఎకరాలని నోరు తెరవకండి, వాన పడితేనే అది భూమి. రెండు వేల మూడులో, ఊరంతా వేరుశనగ ఎండిపోయిందని తలపట్టుకుని కూర్చుంటే, ఈయన బెంగుళూరు పోయి పెద్ద విదేశీ కారు తోలుకొచ్చాడు. తోలు సీట్లు, లోపల చెక్క నగిషీ, తలుపేస్తే ఇనప్పెట్టె మూసినంత గంభీరమైన చప్పుడు. పాతది గనుక, గేర్లలో ఏదో జబ్బు ఉంది గనుక కారుచౌకగా వచ్చింది. జబ్బు సంగతి అమ్మినవాడు చెప్పలేదు, ఈయన అడగలేదు. పైన పటారం, లోన లొటారం.

దానికి క్లచ్ లేదు. గేర్లు వాటంతట అవే పడతాయి, ఒక కాలితోనే నడపొచ్చు. అందుకని ఊరు దానికి ఒంటికాలి కారు అని పేరు పెట్టింది. కల్యాణదుర్గంలో ట్రాక్టర్లు బాగుచేసే కదిరప్ప దాని గేరుపెట్టెలో పల్చటి ఎర్ర నూనె చూసి నొచ్చుకున్నాడు. అంత పెద్ద బండికి ఇంత నీళ్ళచారు పోస్తారా అని మొత్తం పారబోసి, ట్రాక్టరుకు పోసే చిక్కటి నూనె నిండుగా పోశాడు. మర్యాద చేశాననే అనుకున్నాడు పాపం. ఆ రోజు నుంచి బండి వేడెక్కితే చాలు, ఇంజను అరుస్తుంది, చక్రం కదలదు. ఎవరో ఒకరు దిగి తోయాల్సిందే.

శింగనమలలో ఒక పెళ్ళికి పోయినప్పుడు సరిగ్గా అదే జరిగింది. విష్ణువర్ధన్ భార్య హేమ పట్టుచీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుని ఉంది. పెళ్ళికొచ్చిన జనం కారును మండపం దాకా తోసుకుపోయారు. మేళగాళ్ళు ఒక చేత్తో తోస్తూ, రెండో చేత్తో డోలు వాయించారు. హేమ అక్షింతలు వేసి, భోజనం కూడా చేయకుండా అటు నుంచి అటే మడకశిరలోని పుట్టింటికి బస్సెక్కింది.

కారు అమ్మేసి పోయి పిలుచుకొస్తే సరిపోయేది. కానీ అమ్మితే ఊరు నవ్వుతుందని ఆయన భయం. అప్పటికే నవ్వుతున్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇల్లు బోసిపోయింది. రాగిసంకటి తానే కెలుక్కుని, ఉండలు కట్టిన ముద్దలు తిని చిక్కిపోయాడు. చివరికి మడకశిర పోయి అత్తగారి వాకిట్లో తలవంచుకుని నిలబడ్డాడు.

హేమ తలుపు దగ్గరే నిలబడి ఒక మాట చెప్పింది.

"ఆ బండి నన్ను ఒక్కసారి, ఎవురూ తోయకుండా మన ఇంటికి తీసుకపోవాల. దోవలో ఒక్కడు చెయ్యేసినా దిగి ఎనక్కి వచ్చేస్తా. మల్ల నన్ను పిలవద్దు."

ఆయన సరేనన్నాడు. నాలుగు రోజులు ఆగి, మంచిరోజు చూసుకుని, సంక్రాంతి ముందు చలిలో బయలుదేరదీశాడు.

దారి పొడుగునా కారు బంగారంలా నడిచింది. హేమ ముఖం కూడా కాస్త తేటపడింది. చింతవంక చేరేసరికి చీకటి పడింది. మోరీ దాటి మిట్ట ఎక్కబోతుండగా... ఇంజను గట్టిగా అరిచింది. కారు ఆగిపోయింది.

చుట్టూ చీకటి. ఎక్కడా కుక్క మొరగడం లేదు.

విష్ణువర్ధన్ రెండుసార్లు హారన్ కొట్టాడు. ఎందుకని హేమ గుసగుసగా అడిగితే, ఊరికేనన్నాడు. కాసేపు ఆగి మళ్ళీ కొట్టాడు. ఏదీ కదల్లేదు. ఆయన నుదుటి మీద, అంత చలిలోనూ, చెమట పట్టింది.

గేరు కడ్డీ ముందుకూ వెనక్కూ లాగి చూశాడు. ముందుకు పోయే గేరు ఒక్కటీ పట్టలేదు. వెనక్కి పోయే గేరు మాత్రం... పట్టింది. ఇక ఆలోచించలేదు. కారును వాలులో దొర్లించి, మూతి మోరీ వైపు, వీపు మిట్ట వైపు పెట్టి, వెనక గేరులోనే మిట్ట ఎక్కించడం మొదలుపెట్టాడు.

దారి చూసుకోవాలి గనుక ఆయన మెడ తిప్పి వెనక అద్దంలోంచి పైకి చూస్తున్నాడు. హేమకు కాపురానికి వచ్చినప్పటి నుంచి ఊరు చెప్పిన మాట ఒకటే, మిట్ట మీద వెనక్కి చూడొద్దని. ఆ మాట తప్పకుండా ఎదురుగానే చూసింది. ఎదురుగా ఉన్నది మోరీ. దాని మీద కారు లైట్లు రెండూ పడుతున్నాయి.

మోరీ కింద నుంచి తెల్లగా ఏదో లేచింది.

తల లేదు, ముఖం లేదు. నిలువెత్తు తెల్లగుడ్డ. అది లైట్ల వైపు తిరిగింది. కాసేపు అట్లాగే నిలబడింది... ఆ తరవాత మిట్ట ఎక్కడం మొదలుపెట్టింది. కారు వేగం పెరిగితే దాని వేగమూ పెరిగింది.

"ఏమయ్యా... ఎవురో వస్తాండారు."

"చూడొద్దు."

"చూడకుండా ఎట్ల? ఎదురుగానే ఉండాది."

ఆయన తల తిప్పలేదు. తిప్పితే కారు గుంతలో పడుతుంది. హేమ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. తెల్లగుడ్డ ఇప్పుడు పరిగెత్తుతోంది. చెయ్యొకటి బయటికొచ్చి రమ్మన్నట్టు ఊగింది.

మిట్ట పైన మలుపు దగ్గర ఆయన బ్రేకు తొక్కక తప్పలేదు. ఆ వచ్చేది వచ్చి... బానెట్ మీద ధబీమని చెయ్యేసింది. ముసుగు జారింది.

తిప్పేస్వామి. చలికి తలనిండా పంచె కప్పుకున్నాడు, కుక్కలా వగరుస్తున్నాడు.

"ఏమన్నా ఇది! ఎనకనుంచి తోద్దామని నేనొస్తే, నువ్వు మూతి నా పక్క పెట్టి పోతాండావు. యాడ తోసేది?"

అయిపోయింది. గుట్టు రట్టయింది. బండి మిట్ట దగ్గర మొరాయిస్తుందని విష్ణువర్ధన్‌కు తెలుసు. భయంతో హేమ వెనక్కి చూడదనీ తెలుసు. అందుకని తిప్పేస్వామిని మోరీలో దాక్కోమన్నాడు, హారన్ వినగానే చప్పుడు చేయకుండా వచ్చి తోయమన్నాడు. తిప్పేస్వామి మోరీలో వెచ్చగా నిద్రపోయాడు.

హేమ బానెట్ మీది చేతిని చూసింది. మొగుణ్ణి చూసింది. తలుపు తీసి కాలు కింద పెట్టింది.

తప్పయిపోయిందన్నాడాయన. కారును రేపే తూకానికి అమ్మేస్తానన్నాడు. ఇక ఇల్లు బోసేననుకున్నాడు.

హేమ దిగి, వచ్చిన దారి వైపు రెండడుగులు వేసి ఆగింది. కిందికి చూస్తూ చాలాసేపు నిలబడింది. తరవాత మెల్లగా వచ్చి సీట్లో కూర్చుని, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.

"ఇంటికి పోనీ," అంది. గొంతు తగ్గించి, "తిప్పేస్వామన్నా, నువ్వూ ఎక్కు. నీ ఎనకనే పరిగెత్తుకుంటా వచ్చినామె సగంలో నిలబడిపోయిండాది. ఎవురామె?"

తానొక్కడినే వచ్చానని చెప్పాలనుకున్నాడట తిప్పేస్వామి. వెనక్కి తిరిగి మాత్రం చూడలేదు. కారులోకి ఎట్లా దూరాడో ఆయనకే తెలియదు. ఊరి దాకా కారు వెనక గేరులోనే పోయింది. మగవాళ్ళిద్దరూ మెడలు పట్టేసేలా వెనక అద్దంలోంచి ఊరి వైపే చూశారు. ఎదురుగా చూసింది హేమ ఒక్కతే.

మొన్న వాళ్ళింటికి పోయినప్పుడు అడిగేశాను. నిజంగా చూశావా, లేక వాళ్ళిద్దరినీ హడలగొట్టావా అని. విష్ణువర్ధన్ మంచం మీద కూర్చుని నవ్వుతున్నాడు. హేమ నా చేతికి టీ గ్లాసు ఇచ్చింది.

"ఎనక్కి పోను దోవ ఉండింటే," అంది, "ఈ ఇంటికెందుకు వచ్చిందును అన్నా?"

విష్ణువర్ధన్ నవ్వు ఆపేశాడు.