మురుక్కాలువలో సముద్రం

1958. వాల్తేరు ల్యాబులో ప్రొఫెసర్‌ను కాల్చి చంపి అప్పటికి రెండు రోజులు.

"పోయింది ఒక సీసా," కడప బంగళాలో గూఢచారి శాఖ చీఫ్ జియావుల్లాకు చెప్పాడు. "సముద్రం అడుగు బురద. అందులోని బాక్టీరియాతో కొత్త యాంటీబయాటిక్ తయారవుతుంది. పెన్సిలిన్‌కు లొంగని చీమును కూడా మాన్పుతుంది. ఇంకో శాంపిల్ లేదు. కొనబోయిన విదేశీ ముఠావాణ్ని జమ్మలమడుగులో పట్టుకున్నాం. వాడి బదులు అత్తరు సాయిబు వేషంలో ప్రొద్దుటూరు వెళ్లు. అమ్మేది షంషాద్."

షంషాద్! మొన్నటిదాకా మన ఏజెంటే. జియావుల్లాకు ఒళ్లు మండిపోయింది. అతని చెల్లెలు కాన్పయ్యాక ఆ మొండి చీముతోనే పోయింది. అలాంటి మందును బేరం పెట్టిన మనిషిని తలచుకుంటేనే అసహ్యం వేసింది.

మూడు గంటలకు బంగారు అంగళ్ల వీధిలో దిగాడు. ఆ కంపు ముందు అత్తరు ఏ మూలకు? నల్లగా కుళ్లిన కాలువ, పైన ఈగలు.

కాలువ పక్కనే పట్టుచీర, నల్ల కళ్లద్దాలు.

"సముద్రం ఎంత దూరం?" కోడ్ అడిగాడు.

"ముక్కు మూసుకునేంత," అంటూ తిరిగి, గుర్తుపట్టి, షంషాద్ లిప్‌స్టిక్ తీసింది. అది ఒంటి తూటా పిస్తోలు. జియావుల్లా మణికట్టు మెలిపెట్టాడు. తూటా ఆకాశంలోకి పోయింది. ఆమె చేతిని పక్క అంగడి కిటికీ కమ్మీకి బేడీ వేశాడు.

"సీసా ఎక్కడ?"

"కాలువలో, ఆ రాయి కింద. ఈ రోతలో చెయ్యి పెట్టేవాడెవడు?"

జియావుల్లా మోచేతిదాకా ముంచాడు. రాయి ఉంది. సీసా లేదు.

"ఆ బురద ఇందాకే, ఈయమ్మ రాకముందే అమీనాబీ ఎత్తకపాయ కదప్పా," అన్నాడు అంగట్లోని కంసాలి.

పాపం, షంషాద్‌ది పైవూరి తెలివి! కంసాలుల చేతుల్లోంచి రాలిన బంగారు పొడి చేరేది ఆ కాలువలోకే. ప్రొద్దుటూరులో ఆ మురుగును కడుక్కుని బతికేవాళ్లున్నారు.

వీధి కొసన ముసలి అమీనాబీ ముందు బేసిన్. అందులో బురద, పొడిని పట్టడానికి పాదరసం. చేతిలో సీసా, పళ్ల మధ్య బిరడా. పాదరసం తగిలితే ఒక్క బాక్టీరియా బతకదు.

సీసా వంగింది.

"అవ్వా, ఆగు!" జియావుల్లా దూకి సీసా మూతికి బొటనవేలు అడ్డం పెట్టాడు. అతని తల బేసిన్‌లో మునిగింది.

"ఏందప్పా, పట్టపగలు దోచుకుంటాండావు? దాంట్లో బంగారం శానా ఉండాదా?"

"పిసరు కూడా లేదవ్వా," అన్నాడు బురద ఉమ్ముతూ.

అమీనాబీ అతన్ని చూసింది. బేడీల్లో తిడుతున్న షంషాద్‌ను చూసింది.

"బంగారం లేని బురదకు తుపాకులా? మీకంటే మేమే నయమప్పా!"