పెరటి కొలనుకు పెళ్లిచూపులు

కొలను చూడకుండా చేపనివ్వడం గెంజో ఇంటావంటా లేదు. జపాన్‌లో ఒజియా ఊరికి ఎగువన, కొండల్లో, తాతల నాటి నుంచీ కొలనుల్లో అందానికి పెంచే రంగురంగుల కోయి చేపలు పెంచుతున్న ఇల్లది. కొనడానికి ఎంతటివాడు వచ్చినా ముందు వాడి కొలను ఎలా ఉందో వెళ్లి చూసి రావాల్సిందే. ఆ పని ఆయన కూతురు చినామిది.

మంచు కరిగి, కొండ చెరువుల్లోకి చేపల్ని వదిలే రోజుల్లో తోషికి అనే యువకుడు వచ్చాడు. పియానోలు శ్రుతి చేసే పని అతనిది. దక్షిణాన కగోషిమా నుంచి వచ్చి, ఈ మధ్యే ఒజియాలో ఒక పాత ఇల్లు చవగ్గా కొనుక్కున్నాడు.

"ఎర్రమచ్చల తెల్ల చేపలు రెండిస్తారా? గుంట తవ్వేశాను," అన్నాడు. చేతిలో బకెట్టు కూడా ఉంది.

చినామి ఆ బకెట్టు వంక చూసింది. "ఇందులో తీసుకెళ్తారా? ఊరబెట్టుకుని తినడానికా?"

ఆ మధ్యాహ్నమే అతని ఇంటికి వెళ్లింది. పెరట్లో వరండాని ఆనుకుని, సరిగ్గా చూరు కింద, మోకాలిలోతు గుంట ఒకటి కనబడింది.

"ఇదేంటండీ?"

"కొలను. వరండాలో కూర్చుని టీ తాగుతూ చేపల్ని చూసుకోవచ్చని."

"ఇది కాళ్లు కడుక్కునే తొట్టి. సరే, పైనున్నదేంటి?"

తోషికి తలెత్తి చూశాడు. "ఇంటి కప్పు."

"జనవరిలో దానిమీద మనిషెత్తు మంచు పేరుకుంటుంది. ఒకరోజు అదంతా దభీమని జారి మీ చేపల నెత్తిన పడుతుంది. మా ఊళ్లో మీకిది ఎన్నో చలికాలం?"

"మొదటిదే ఇంకా రాలేదండీ."

చినామికి నవ్వొచ్చింది. పెదవి కొరుక్కుని ఆపుకుంది. ఆ గుంట పూడ్చేసి, ఇంటికి దూరంగా కంచె పక్కన కొత్తది తవ్వమంది. లోతు భుజాలదాకా ఉండాలంది.

"ఎవరి భుజాలదాకా? మీవా, నావా?"

"మీవే. నావి అయితే చేపలు చస్తాయి. పైన గడ్డకట్టినా అడుగున నీళ్లు కాస్త వెచ్చగా ఉండాలి."

తోషికి కంచె వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా, "పక్కింటి పాప ఆడుకుంటూ ఇటే వస్తుంటుంది. అంత లోతంటే నాకు భయంగా ఉంది," అన్నాడు.

ఆమె సలహాతో కొలను కట్టించుకున్నవాళ్లంతా చేపల ఖరీదు అడిగారు, రాళ్ల అందం అడిగారు. పక్కింటి పాప సంగతి ఎత్తినవాడు ఇతనొక్కడే. "అయితే చుట్టూ గట్టు లేపుదాం, నడుమెత్తు," అంది.

"అప్పుడు వరండాలోంచి చేపలు కనబడవేమో?"

"లేచి నాలుగడుగులు వేయండి. ఒంటికి మంచిది."

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆమె వ్యాను అతని ఇంటిముందు ఆగేది. పని సవ్యంగా జరుగుతోందో లేదో చూడాలి కదా అని తండ్రితో చెప్పేది. గెంజో తలాడించేవాడు. ఆయన ధ్యాసంతా వేరే చోట ఉంది. హిరోషిమాలో పేరున్న చేపల వ్యాపారి కొడుక్కి చినామినిస్తే, తన తర్వాత చెరువులకు దిక్కుంటుందని ఆయన ఆలోచన. సంబంధం గురించి చెప్పినప్పుడు చినామి "చూద్దాంలే నాన్నా" అంది. ఆ మాటని ఆయన ఒప్పుకున్నట్టే లెక్కేసుకున్నాడు.

జూన్‌లో ముసురు పట్టింది. తవ్విందంతా బురదనీళ్లతో నిండిపోయింది. ఇద్దరూ గుంటలో దిగి బకెట్లతో తోడిపోశారు. అటు తోడుతుంటే ఇటు వాన నింపుతోంది. తోషికి కాలుజారి బురదలో చతికిలబడ్డాడు. లేపుదామని చెయ్యిచ్చిన చినామి కూడా పక్కనే కూలబడింది. కొంతసేపు ఇద్దరూ లేవనేలేదు, నవ్వుతూనే ఉన్నారు. ఆనక చూరు కింద కూర్చుని అతను చేసిన అన్నం ముద్దలు తిన్నారు.

"ఉప్పెక్కువైంది," అంది చినామి, మరొకటి అందుకుంటూ.

వానలు వెలిశాక అడుగు చదును చేసి, చెత్తంతా నడిమికి జారేలా వాలు పెట్టారు. నడుమ తూము, దాన్నుంచి వడపోత తొట్టికి గొట్టం. పంపు పెట్టి చూసిన రోజు తోషికి మొహం ముడుచుకున్నాడు.

"అపశ్రుతి పలుకుతోందండీ. దీంతో నాకు నిద్రపట్టదు."

"పంపుని పాడమన్నానా? నీళ్లు తోడమన్నాను," అని విసుక్కుంది. విసుక్కుందే గానీ, తర్వాతి ఆదివారం తమ చేపల షెడ్డులోంచి చప్పుడు తక్కువున్న పంపు ఒకటి పట్టుకొచ్చింది. "దీని గొంతెలా ఉంది?"

"ఏమోనండీ. మీరున్నప్పుడు పంపు మీద నా ధ్యాస ఉండదు."

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. చెవులదాకా ఎర్రబడి, అవసరం లేకపోయినా గొట్టం బిగించడం మొదలుపెట్టాడు. ఆ రోజు ఇంటికి వెళ్తూ చినామి దారి తప్పింది, పుట్టి పెరిగిన ఊళ్లో.

ఆగస్టులో, చనిపోయిన పెద్దల్ని తలుచుకునే పండగ వెళ్లిన తర్వాత తోషికి ఫోన్ చేయడం మానేశాడు. ఒక సందేశం మాత్రం వచ్చింది. "ఇన్నాళ్లూ సాయం చేశారు, కృతజ్ఞతలు. మిగతాది నేను చూసుకుంటాను."

చినామి ఓర్చుకుంది. ఒక ఆదివారం ఓర్చుకుంది, ఇంకో ఆదివారం ఓర్చుకుంది. సెప్టెంబరు సగానికి వచ్చాక వ్యాను తీసింది.

సిమెంటు పని పూర్తయింది. కొలను నిండా నీళ్లున్నాయి. సిమెంటు ఘాటు విరగడానికి తోషికి నీళ్లలో గడ్డి కట్టలు నానబెడుతున్నాడు. అది ఆమె నేర్పిన పద్ధతే.

"ఫోనెందుకు చెయ్యలేదు?"

అతను ఉలిక్కిపడి లేచాడు. "మీ నాన్నగారు బజార్లో కనబడ్డారు. హిరోషిమా సంబంధం కుదిరిందన్నారు. కాబోయే పెళ్లికూతురి చేత మట్టి మోయించడం బాగోదని..."

"నాన్న చెప్పాడు సరే. నేను చెప్పానా?"

"లేదని కూడా మీరు చెప్పలేదు కదండీ."

"నువ్వడిగితే కదా చెప్పడానికి!"

కోపంలో 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. ఇద్దరికీ తెలిసింది. ఎవరూ సర్దుకోలేదు.

"అయితే ఇప్పుడడుగుతున్నాను," అన్నాడు తోషికి. "ఆ సంబంధం నీకిష్టమేనా?"

"అబ్బాయి మంచివాడట. వాళ్ల చేపలూ మంచివే. కానీ ఆదివారం వస్తోందంటే నాకు గుర్తొచ్చేది ఈ బురద గుంట."

"గుంటేనా?"

"గుంటలో పడ్డవాడు కూడా."

తోషికి చేతిలోని గడ్డి కట్ట నీళ్లలో పడేశాడు. "నిజం చెప్పనా? చూరు కింద తవ్వింది చేపల కోసమే. ఇది మాత్రం నీకోసం తవ్వాను. చేపల కోసమే అయితే మోకాళ్ల దగ్గరే ఆపేసి, చిన్న గాజుతొట్టి కొనుక్కునేవాణ్ణి. నువ్వు ఇంకా లోతు కావాలంటే ఇంకా తవ్వేవాణ్ణి."

"చాల్లే, ఇంకా తవ్వితే అడుగున నీళ్లూరేవి," అంది చినామి. కళ్లు మాత్రం తుడుచుకుంది.

ఇంటికెళ్లి తండ్రితో ఉన్నదున్నట్టు చెప్పింది. గెంజో మండిపడ్డాడు.

"చేపల్లో ఓనమాలు రానివాడు! నా తర్వాత ఈ చెరువులెవరు చూస్తారే?"

"నేను. ఇప్పుడు మాత్రం చూస్తున్నదెవరు నాన్నా?"

మర్నాడు చినామే హిరోషిమాకి ఫోన్ చేసి, క్షమించమని అడిగి, సంబంధం వద్దని మర్యాదగా చెప్పింది. అటువైపు పెద్దాయన, చలికాలం చేపలు జాగ్రత్తమ్మా అని ఫోన్ పెట్టేశాడు.

అక్టోబరంతా కొండ చెరువులు ఖాళీచేసి చేపల్ని షెడ్డుకి చేర్చే పని. తండ్రీకూతుళ్లు ఒకే వల చెరో కొస పట్టుకుని లాగారు. చేపల గురించి తప్ప ఒక్క మాట లేదు. పనంతా అయ్యాక ఒక ఉదయం గెంజో ట్రక్కు ఎక్కుతూ, "పద. ఆ గుంటేదో చూద్దాం. చేపలడిగినవాడికి ఔననో కాదనో చెప్పాలి కదా," అన్నాడు.

గెంజో కొలను చుట్టూ తిరిగాడు. నీళ్లు దోసిట్లోకి తీసుకుని వాసన చూశాడు. గుప్పెడు తవుడు చల్లి అది ఎటు కొట్టుకుపోతోందో గమనించాడు. తోషికి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టిన పిల్లకి కూడా అంత భయం ఉండదు.

"గట్టింత ఎత్తెందుకు?"

"పక్కింట్లో చిన్నపాప ఉందండీ."

"ఊఁ. అడుగు వాలు బాగా కుదిరింది. ఎవరు చెప్పారు?"

"చినామి."

"నాతో మాట్లాడినప్పుడు చినామిగారు అన్నావు. ఆ 'గారు' ఎటు పోయింది?"

తోషికి నేలచూపులు చూశాడు. చినామి ఆకాశం చూసింది.

"సరే, మంచు పడ్డాక దీన్నెవరు చూస్తారు? నీకు పార పట్టడమైనా రాదు."

"నేను చూస్తాను," అంది చినామి.

"ఏ ఇంట్లో ఉండి?"

"ఈ ఇంట్లో ఉండి. పొద్దున్నే చెరువుల దగ్గరికి ఇప్పట్లాగే వస్తాను. ఇతనూ వస్తాడు, నేర్చుకోవడానికి."

"నేనా?" అన్నాడు తోషికి. ఆమె చూపు చూసి, "వస్తానండీ, వస్తాను," అన్నాడు.

గెంజో ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. జేబురుమాలు తీసి, తడి చేతులు తీరుబడిగా తుడుచుకున్నాడు. తర్వాత ట్రక్కు వెనక తలుపు తెరిచాడు. లోపల నీళ్లు పోసి గాలి నింపిన పెద్ద సంచుల్లో ఎర్రమచ్చల తెల్ల చేపలు రెండున్నాయి.

"ఏం అల్లుడూ, అలా చూస్తావేం?" అన్నాడు. "సంచి రెండో కొస పట్టుకో. చేపకి ఊపిరాడొద్దూ?"