నలభై మంది చప్పట్లు

ఐదేళ్ళ తర్వాత డెల్ఫిన్ మా స్టూడియో మెట్లెక్కి వచ్చిన రోజున వాన దంచికొడుతోంది. ఎనభై మూడు, అక్టోబరు నెల. వస్తూనే గొడుగు ముడిచి గట్టిగా విదిలించింది. ఆ నీళ్ళన్నీ వెళ్ళి లిన్‌వుడ్ చేతుల్లో ఉన్న టేపు పెట్టెల మీద పడ్డాయి.

"మేడమ్, కాస్త చూసుకోండి" అన్నాడు వాడు, పెట్టెని చొక్కా చేతికి తుడుచుకుంటూ.

"టేపులే కదా మిస్టర్. ఆరిపోతాయిలే."

"ఇందులో ఉన్నది మీ గొంతేనండీ. జలుబు చేస్తే నన్ననకండి మరి."

ఆమె నవ్వలేదు. వాణ్ణి ఎగాదిగా చూసి, "నువ్విక్కడ కొత్తా?" అంది.

నేను వంటగది గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. వాడు ఆ స్టూడియోలో చేరి అప్పటికి తొమ్మిదేళ్ళు. ఆమె మొదటి రికార్డుకి టేపు తిప్పింది వాడే. చెబుతాడు కదా అనుకున్నాను. "కొత్తేనండి" అని తల వంచుకుని వెళ్ళిపోయాడు.

ఫిలడెల్ఫియా ఉత్తరాన, చెప్పుల కొట్టు మీద మేడ మా స్టూడియో. పాడేవాళ్ళకీ వాయించేవాళ్ళకీ నేను వండిపెట్టేదాన్ని. అందరికీ లూలా అత్తనే. పాటల సంగతి నాకు తెలియదు గానీ, ఎవరు కడుపునిండా తిన్నారో ఎవరు కంచంలో గీతలు గీశారో ఇప్పటికీ చెప్పగలను.

డెల్ఫిన్ గీతలు గీసేది.

డెబ్బై ఎనిమిదిలో ఆ పిల్ల పాట మోగని ఇల్లు లేదు. అద్దం ముక్కల బంతి కింద జనం చెమటలు కక్కుకుంటూ ఆమె పాటకే ఆడారు. ఏడాది తిరిగిందో లేదో డిస్కో అంటే మొహం మొత్తింది అందరికీ. రికార్డులు విరగ్గొట్టుకున్నారు. ఆమె ఫోను మోగడం మానేసింది. అట్లాంటిక్ సిటీలో ఒక హోటలు భోజనాల గదిలో నాలుగేళ్ళు పాడిందట.

"అన్నీ వీపులే అత్తా" అని చెప్పింది నాకు, మొక్కజొన్న రొట్టె పొడి పొడి చేస్తూ. "తినేవాళ్ళ వీపులు చూస్తూ పాడాను. ఒకాయన మాత్రం పాట మధ్యలో ఇటు తిరిగాడు. ఉప్పు అందించమన్నాడు."

అద్దె గదిలో ఒక్కతే ఉండేది. మనిషి అలికిడి ఉండాలని రేడియో పెట్టుకునే నిద్రపోయేదట. అప్పుడప్పుడూ తన పాత రికార్డు తీసి, సూదిని సరిగ్గా చివరి భాగం మీద పెట్టేదట. అక్కడ ఆమె గొంతు ఆగిపోతుంది, చప్పట్లు మాత్రం మిగులుతాయి. నలభై మంది చప్పట్లు.

"వాటిని వింటేనే నాకు నిద్ర పడుతుంది. వాళ్ళు చర్చి మనుషులు అత్తా. వెనక బెంచీ ముసలమ్మలు కొట్టినట్టు కొడతారు. తాళం పడ్డాక, ఒక ఊపిరి తీసుకుని, అప్పుడు. మా నాయనమ్మ పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. లోకమంతా పోయినా ఆ నలభై మంది నా కోసం వచ్చారు."

నేను చేపలు తిప్పుతున్నదాన్ని తిప్పుతూనే ఉండిపోయాను. ఎందుకంటే ఆ నలభై మందీ ఎవరో నాకు తెలుసు.

డెబ్బై ఎనిమిది ఫిబ్రవరిలో ఆమె పాట పాడేసి, మర్నాడే వేరే ఊళ్ళకి పాడటానికి వెళ్ళిపోయింది. ఆదివారం ప్రార్థన అయ్యాక ఒక చర్చి నుంచి నలభై మంది వచ్చి చప్పట్లు కొట్టాలి. సోమవారం పొద్దున్నే టేపు అచ్చుకి పోవాలి. ఆదివారం తెల్లారేసరికి మోకాళ్ళ లోతు మంచు. ఒక్క పురుగు రాలేదు. స్టూడియోలో మిగిలింది నేనూ లిన్‌వుడ్, కుండలో చిక్కుడు గింజలు.

వాడు టేపు వెనక్కి తిప్పి, గదిలో ఒక మూల నిలబడి పాట పొడుగునా చప్పట్లు కొట్టాడు. మళ్ళీ తిప్పి, వాటి మీదే ఇంకో మూల నుంచి. ఒకసారి చేతికి గ్లవ్స్ వేసుకుని, ఒకసారి బూట్లు విప్పి, ఒకసారి నా కోటు చేతులకి చుట్టుకుని. ఒక్కొక్కసారి ఒక్కొక్క మనిషి అయిపోయాడు. నేనూ సాయం పట్టాను. రెండు నిమిషాల్లో నన్ను బయటికి పంపేశాడు. "అత్తా, నువ్వు బస్సు తప్పిపోతుందన్నట్టు కొడుతున్నావు" అని. సాయంత్రానికి వాడి అరచేతులు బన్నుల్లా ఉబ్బాయి. బకెట్టులో మంచు తెచ్చి అందులో పెట్టించాను. నాలుగు రోజులు చెంచా పట్టుకోలేకపోతే నేనే తినిపించాను.

అప్పటి యజమాని పర్నెల్ ఆమెకి ఫోను చేసి, నలభై మందీ వచ్చారమ్మా, నీ పాటకి ఊగిపోయారు అని చెప్పాడు. ఆమె ఫోనులో ఆనందంతో ఏడ్చేసిందట. తర్వాత నిజం చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది? పర్నెల్ కాలం చేశాడు. ఆమెకి చెప్పనని లిన్‌వుడ్ నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ రెండు చేతులు ఎందుకు ఉబ్బాయో నాకు మాత్రం అప్పుడే అర్థమైంది. పని మీద ప్రేమకి అంత వాపు రాదు.

సరే, కొత్త ఆల్బం. తొమ్మిది పాటలు చక్కగా అయ్యాయి. పదోదే మిగిలింది. కొత్త నిర్మాత డారిల్ కుర్రతనపు హుషారులో ఒక మెషీను తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒక బటన్ నొక్కితే డ్రమ్ము, ఇంకో బటన్ నొక్కితే చప్పట్లు. ఆ చప్పట్లు విని డెల్ఫిన్ పాట మధ్యలో ఆపేసింది.

"ఎవరది?"

"ఎవరూ కాదు, మెషీను" అన్నాడు డారిల్.

"అదే. ఎవరూ లేరు అక్కడ." హెడ్‌ఫోను తీసి తీగ చుట్టి పెట్టింది. "నా మొదటి రికార్డుకి వచ్చినవాళ్ళని పిలిపించండి. వాళ్ళు గదిలో ఉంటేనే పాడతాను."

శుక్రవారంలోగా పాట అందకపోతే కంపెనీ ఆల్బమే పక్కన పెట్టేస్తుందని డారిల్ బతిమాలాడు. ఆమె వినలేదు. చర్చి పేరు పర్నెల్ చెప్పలేదు, అయినా వెతుకుతానంది. రేపెలాగూ ఆదివారం. ఎవరికి కారుందని అడిగింది.

కారున్నది లిన్‌వుడ్ ఒక్కడికే.

వాడు వంటగదిలోకి వచ్చి కూలబడ్డాడు. చెప్పేయరా నాయనా అన్నాను. వాడు టీ కప్పు తిప్పుతూ కూర్చున్నాడు.

"ఆమెకి మిగిలింది ఆ నలభై మందే అత్తా. వాళ్ళు లేరని నేను చెప్పనా?"

"మరి రేపు ఎవర్ని వెతుకుతావురా కారేసుకుని? నిన్నా?"

వాడు లేచి కప్పు కడిగి బోర్లించాడు.

మర్నాడు ముగ్గురం బయలుదేరాం. నేను ఆకుపచ్చ టోపీ పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాను. మళ్ళీ వాన. కారు అద్దం తుడిచే పుల్ల ఒకటే పని చేస్తోంది, అదీ ఆమె వైపుది. వాడు మెడ చాచి ఆమె వైపు అద్దంలోంచి రోడ్డు చూస్తూ నడుపుతున్నాడు.

"నువ్వు రోడ్డు చూస్తున్నావా, నన్నా?" అంది డెల్ఫిన్.

"రోడ్డేనండీ. మీరు మధ్యలో ఉన్నారు."

ఆ మాటకి నవ్వింది. మా దగ్గరికి వచ్చాక అదే మొదటి నవ్వు. వాడు ఎర్ర దీపం చూసుకోకుండా పోయాడు.

మొదటి చర్చిలో ఆమె కళ్ళు మూసుకుని చప్పట్లు వింది. వీళ్ళు కాదంది. రెండో చోట మరీ గట్టిగా కొడుతున్నారంది. రెండు చోట్లా లిన్‌వుడ్ చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని కొయ్యలా నిలబడ్డాడు. నేను గమనిస్తూనే ఉన్నాను. రెండో చోటు నుంచి మెట్లు దిగుతూ ఆమె మెల్లగా, "వాళ్ళలో సగం మంది చచ్చిపోయి ఉంటారేమో" అంది. ఆ గొంతు విని నాకు మనసు నిలవలేదు.

మూడోది మా చర్చి. మూల మీద చిన్న గది, పాతిక బెంచీలు. వాళ్ళు ఉండరక్కడ, నాకు తెలియదూ? అయినా అక్కడికే పోనివ్వమన్నాను. వాణ్ణి ఆమె పక్కన కూర్చోబెట్టి, వాడి వెనక నేను కూర్చున్నాను. పాట ఎత్తుకున్నారు. జనం లేచారు. వాడి చేతులు జేబుల్లోనే.

వాడి వీపు మీద తట్టాను. "ఒరేయ్, దేవుడి ఇంట్లో జేబులో చేతులేమిట్రా? మీ నాయనమ్మ చూస్తే ఏమంటుంది?"

నేను ఒట్టు తప్పలేదు. ఒక్క మాట చెప్పలేదు ఆమెకి. చేతులు బయటికి తీయమన్నానంతే.

పెద్దల మాట కొట్టేసే రకం కాదు వాడు. చేతులు తీశాడు. ఆపుకుందామని చూశాడు పాపం, రెండు వరసలు ఆగాడు కూడా. మా చర్చి పాటకి చేతులు ఆగుతాయా? తాళం పడ్డాక, ఒక ఊపిరి తీసుకుని, అప్పుడు కొట్టాడు.

డెల్ఫిన్ పాడటం ఆపేసింది. వాడి చేతుల వంక చూసింది. ఆ చరణం చివరి దాకా అలాగే చూసింది. అందరూ ఇంకా పాడుతుంటే ఆమె బెంచీల మధ్య నుంచి నడిచి బయటికి వెళ్ళిపోయింది.

మేము వెళ్ళేసరికి తడిసిపోయి కారు పక్కన నిలబడి ఉంది. గొడుగు చేతిలోనే ఉంది, తెరవలేదు.

"ఎంతమంది?" అని అడిగింది.

వాడు నా వంక చూశాడు. నేను టోపీ సర్దుకున్నాను.

"ఇరవై రెండు సార్లు కొట్టానండి" అన్నాడు.

"నేను అడిగింది ఎంతమంది అని."

"ఒక్కణ్ణే. మంచు పడింది. దారులు మూసేశారు."

"అంటే ఎవరూ రాలేదన్న మాట." ఆ మాట చాలా నెమ్మదిగా అంది. "ఐదేళ్ళుగా నేను విన్నది ఖాళీ గదిని."

వానలో వాడు ఒక అడుగు ముందుకు వేసి ఆగాడు.

"నేను వచ్చాను కదండీ" అన్నాడు. "ఆ పొద్దున రెండు మైళ్ళు మంచులో నడిచి వచ్చాను."

ఆమె కారు ఎక్కలేదు. పట్టాల మీద ట్రాలీ బండి వస్తే ఎక్కి వెళ్ళిపోయింది. వాడు అది కనుమరుగయ్యేదాకా నిలబడి చూశాడు. మరి నాలుగు రోజులు ఆమె రాలేదు, ఫోను తీయలేదు. లిన్‌వుడ్ కంచంలో గీతలు గీశాడు. నేను వాడి చేతులు ఎందుకు బయటికి తీయించానా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

శుక్రవారం పొద్దున డారిల్ మెషీను తీగలు చుట్టి పెట్టేస్తుండగా మెట్ల మీద అడుగుల చప్పుడు. డెల్ఫిన్. గొడుగు బయటే విదిలించి మరీ లోపలికి వచ్చింది.

తిన్నగా వెళ్ళి టేపు దగ్గర కూర్చున్న లిన్‌వుడ్ ముందు నిలబడింది. "నాలుగు రోజులుగా సూది చివర్న పెట్టి అదే వింటున్నాను. నలభై మంది అనుకుని విన్నప్పుడు నిద్ర పట్టేది. ఒక్కడని తెలిశాక పట్టడం లేదు."

"క్షమించండి" అన్నాడు వాడు.

"ఊపిరి తీసుకుని కొట్టడం ఎవరు నేర్పారు?"

"మా నాయనమ్మ. ఒళ్ళో కూర్చోబెట్టుకుని నా చేతులు పట్టుకుని కొట్టించేది. కీళ్ళ నొప్పులు. చేతులు లేచేసరికి కాస్త ఆలస్యమయ్యేది."

"మరి నువ్వెవరో నాకెందుకు చెప్పలేదు? కొత్తవాణ్ణన్నావు, మొదటి రోజు."

"మీ నలభై మందినీ తీసేసి నన్ను ఇవ్వడం బాగుండదనిపించిందండీ."

ఆమె వాడి చెయ్యి పట్టుకుని లేపింది. ఆ అరచేయి తిరగేసి కాసేపు చూసింది. "టేపు డారిల్ తిప్పుతాడు. నువ్వు ఈ గదిలో, నాకు కనబడేట్టు నిలబడు. ఒక్కసారే కొట్టు. ఇరవై రెండు సార్లు వద్దు. చెంచా పట్టుకోలేకపోతే ఈసారి నేను తినిపించాలి."

ఆ చెంచా సంగతి నేను చెప్పినదే. చర్చి నుంచి వచ్చాక ఆమె తలుపు సందులోంచి చీటీ పెట్టి వచ్చాను. ఒట్టు అప్పటికే తీరిపోయింది కదా.

ఆ ఆల్బం పెద్దగా ఆడలేదు. మా ఊరి రేడియోలో ఒక చలికాలం వేశారు, అంతే. ఆమె మళ్ళీ అద్దం బంతుల కిందికి వెళ్ళలేదు. వాళ్ళిద్దరూ మా చర్చిలోనే పెళ్ళి చేసుకున్నారు, విందుకి చిలగడదుంపల తీపి రొట్టె నేనే చేశాను. లిన్‌వుడ్ పోయి ఇది మూడో ఏడు. ఆమె గదిలో రేడియో ఇప్పటికీ మోగుతూనే ఉంటుంది.

మొన్న వెళితే ఆ పదో పాట పెట్టింది. ఆమె గొంతు ఆగిపోయాక చప్పట్లు మిగులుతాయి. జాగ్రత్తగా వింటే అందులో రెండు జతల చేతులున్నాయి. పాడటం అయిపోయాక ఆమె కూడా కొట్టడం మొదలుపెట్టింది ఆ రోజు. వాడివి, ఎప్పటిలాగే, ఒక ఊపిరి ఆలస్యం.

ఆమెవి ఆ ఊపిరిసేపూ ఆగి, వాడితో కలిసి పడతాయి.