ఖాళీ డిస్కు మీద పేరు

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, గట్టిగా చెప్పే కథ కాదిది. మా తైపేలో, కంప్యూటర్ బజారు నేలమాళిగలో, చాంద్రమానం ఏడో నెలలో జరిగింది. పోయినవాళ్లు ఊరి మీద తిరిగే నెల అది. అందుకే ఆ నెలలో ఎవరూ ఎవరినీ పూర్తి పేరుతో పిలవరు. వినేవాళ్లుంటారు. విన్న పేరు పట్టుకుపోతారు. ఈ కుర్రాడి ఇంటిపేరు నేనూ చెప్పను. ఉత్త జెహాన్ అనుకో.

పైన వాన దంచికొడుతోంది. జెహాన్ వస్తూనే గొడుగు విదిలించాడు. ఆ నీళ్లన్నీ లాన్‌యీ బల్ల మీదా, ముఖం మీదా పడ్డాయి. లాన్‌యీ తన పిన్ని సూఎతో కలిసి అక్కడ రిపేరు కొట్టు నడిపేది.

"ఇది ముఖం కడుక్కునే చోటు కాదండీ," అంది ముఖం తుడుచుకుంటూ.

"అయ్యో, సబ్బు కూడా తెచ్చుకున్నానే," అన్నాడతను.

వేసవంతా ఇదే వరస. ఒకనాడు వైరు కావాలని, ఒకనాడు మౌసు పనిచెయ్యడం లేదని వచ్చేవాడు. ఆ మౌసుకు ఏ జబ్బూ లేదని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని అతనికీ తెలుసు. ఇద్దరూ పైకి అనుకోలేదు, అంతే.

ఈసారి మాత్రం నిజంగానే పనుంది. అతను చేతిబొమ్మలాట బృందంలో శబ్దాలు చూసేవాడు. ఆ శబ్దాలున్న కంప్యూటర్‌లో పాత హార్డ్ డిస్క్ పాడైపోయింది. ఆ కంప్యూటర్‌ను తెచ్చి, కొత్త డిస్క్ కొనిచ్చి, అందులో సిస్టం ఎక్కించమన్నాడు. ఈ నెలలో కొత్తవాటికి ప్రాణం పొయ్యకూడదు, నెల దాటాక రమ్మంది లాన్‌యీ. మా ఆట చూడటానికి వచ్చేదే పోయినవాళ్లు, ఆట ఆగితే నీ కొట్టుకే వచ్చి అడుగుతారని బెదిరించాడతను. నవ్వు దాచుకోవడానికి ఆమె తల వంచి డిస్క్ బిగించసాగింది. అతను రసీదు మీద పూర్తి పేరు రాసిచ్చి, నూడుల్స్ తినొస్తానని బయల్దేరాడు. గొడుగు మరిచిపోయాడు.

లాన్‌యీ గొడుగు పట్టుకుని వెనకే పరుగెత్తింది. అతను అప్పటికే మెట్ల దగ్గరున్నాడు. ఆమె చేతిలో ఇంకా రసీదుంది. ఒళ్లు మరిచి, దాని మీదున్నది ఉన్నట్టుగా, ఇంటిపేరుతో సహా గొంతెత్తి పిలిచేసింది.

బజారంతా మాటలాగిపోయాయి. చుట్టుపక్కల కొట్లవాళ్లు తలలు దించుకున్నారు. జెహాన్ ఇంకా నోరు తెరవనే లేదు. మూసి ఉన్న కొట్ల షట్టర్ల వెనకనుంచి అతని గొంతు పలికింది.

"వస్తున్నా."

అతను ఆమె వెంట వెనక్కి వచ్చాడు. నూడుల్స్ సంగతే ఎత్తలేదు.

తెర మీద పనింకా నడుస్తోంది. పెన్‌డ్రైవ్‌లోంచి ఫైళ్లు ఖాళీ డిస్కులోకి ఎక్కుతున్నాయి. అడుగున ఆకుపచ్చ గీత మెల్లగా నిండుతోంది. పైన, ఈ కంప్యూటర్ ఎవరిదని అడిగే గడి ఉంది. ఇందాక ఖాళీగా ఉన్న ఆ గడిలో ఇప్పుడు అతని పూర్తి పేరుంది. కీబోర్డు చూస్తే ఇంకా అట్టపెట్టెలోంచి బయటికే తియ్యలేదు.

గీత జరిగినకొద్దీ జెహాన్‌లో ఏదో తరుగుతోంది. మొదట వేళాకోళం పోయింది. తర్వాత ఆట ఏ వీధిలోనో చెప్పలేకపోయాడు. కాసేపటికి గొడుగు వైపు చూసి, ఎవరిదండీ అది అని అడిగాడు. లాన్‌యీ అతని చెయ్యి పట్టుకుంది. వానలో నానిన రాయిలా ఉందది. మిషన్ ఆపేద్దామని స్విచ్ మీద వేలు పెట్టగానే అతనికి ఊపిరి ఆగింది. గభాలున వేలు తీసేసింది.

సూఎ పిన్ని అతని తడి చొక్కా విప్పించింది. మధ్యాహ్నం కోసం తెచ్చుకున్న బియ్యం ఒక గిన్నెలో పోసి, చొక్కాలో చుట్టి, లాన్‌యీ ఒడిలో పెట్టింది. గీత నిండేలోపే పోతున్న ప్రాణాన్ని వెనక్కి పిలవాలనీ, నిండితే ఇక్కడ మిగిలేది ఈ చొక్కానేననీ చెప్పింది. అయితే ఇంటివాళ్లు పిలిస్తేనే పట్టుకుపోయేవాళ్లు వదులుతారట. అతని తల్లి సముద్రం అవతల దీవిలో ఉంది. తుపాను దెబ్బకు ఫోను కూడా కలవలేదు.

"నేను పిలిస్తే రాడా పిన్నీ?"

"నీకతను ఏమవుతాడు? అబద్ధం చెప్పకు. వాళ్లకు తెలిసిపోతుంది."

లాన్‌యీ తెర వైపు చూసింది. గీత చివరికొచ్చేసింది. ఆమె వంగి, ఇంట్లో నిన్నేమని పిలుస్తారని అతని చెవిలో అడిగింది. ఎక్కడో లోతులోంచి వచ్చినట్టు, "ఆహాన్," అన్నాడు.

ఆమె మూటను గుండెకు హత్తుకుని షట్టర్ల వైపు తిరిగింది. ఆ కొట్లవాళ్లందరి ముందూ పిలిచింది.

"ఆహాన్, చాలా ఆలస్యమైంది. ఇంటికి రా. మనింటికి. నువ్వొచ్చేదాకా నేను అన్నం తినను."

షట్టర్లు ఒకదాని తర్వాత ఒకటి, వరస చివరినుంచి ఇటువైపుగా కదిలాయి, వాటి ముందునుంచి ఎవరో నడిచి వస్తున్నట్టు. ఒడిలో బియ్యం వెచ్చబడింది. తెర మీద గడి ఖాళీ అయింది. గీత నిండింది, ఏ పేరూ లేకుండా.

జెహాన్ నీళ్లలోంచి తేలినవాడిలా ఊపిరి పీల్చాడు.

"మనిల్లు ఎక్కడండీ?" అన్నాడు.

"ఏదో తొందరలో అన్నాను."

"అందరూ విన్నారు. బతికున్నవాళ్లూ, కానివాళ్లూ."

లాన్‌యీ చెవుల దాకా ఎర్రబడిపోయింది. పిన్ని మూట విప్పి, ఆ బియ్యం కుక్కర్‌లో పోసింది.

"పిలిచినదానివి, అన్నం పెట్టకుండా పంపుతావా?" అంది. "కూర్చో నాయనా. వచ్చే నెల మీ అమ్మను తీసుకురా, మాట్లాడుకుందాం."

ఆ మధ్యాహ్నం ముగ్గురూ ఆ బల్ల మీదే తిన్నారు. షట్టర్ల ముందు నాలుగో గిన్నె పెట్టడం పిన్ని మరవలేదు.

ఇది గుర్తుపెట్టుకో తల్లీ. రేపు నీ పిల్లలకూ చెప్పు. లాన్‌యీ పిలిచిన ఆ మాటలు మాత్రం ఒక్కటీ వదలకుండా, నేను చెప్పినట్టే చెప్పు. ఎవరికి ఎప్పుడు అవసరమొస్తాయో తెలియదు.