మూడో విజిల్ దాకా

2087లో భీమిలి దగ్గరి దీపాలదిబ్బ వీధిలో వంటిళ్లకు మంట లేదు, పొగ లేదు, చప్పుడు అసలే లేదు. ప్రభుత్వం ఇంటికింత అని వేడిని కూడా రేషన్ మీద ఇస్తున్న రోజులవి. నెలాఖరుకు వాటా అయిపోతే అటుకులు తడుపుకుని తినడమే. అందుకే శాస్త్రవేత్త తేజోవతి తాను కనిపెట్టిన ‘తాపబంధిని’ పొయ్యిలను ఆ వీధిలో నలభై ఇళ్లకు ప్రయోగంగా పెట్టించింది.

దాని సూత్రం తేలికే. గిన్నె కింద ఒక లవణపు దిమ్మ, అంటే థర్మల్ బ్లాక్, ఉంటుంది. వంటలో వృథాగా పోయే వేడిని పీల్చుకుని అది కరుగుతుంది. మళ్లీ గట్టిపడుతూ ఆ వేడిని గిన్నెకే తిరిగి ఇచ్చేస్తుంది. పప్పు సగం ఉడకగానే కరెంటు ఆపేయవచ్చు, మిగతా సగం దిమ్మ చూసుకుంటుంది. ఆపమని పొయ్యే చెబుతుంది. అయితే మీట నొక్కడం మాత్రం మనిషి పనే. వంట మీద పెత్తనం వండేవాళ్లదేనని తేజోవతి అలా ఉంచింది.

ప్రయోగశాలలో వేడి ఖర్చు సగానికి తగ్గింది. వీధిలో పిసరంత కూడా తగ్గలేదు. మంగళవారాలైతే పాత పొయ్యిల కంటే ఎక్కువే అవుతోంది. వచ్చే బుధవారం ఇంధన సంఘం తనిఖీకి వస్తోంది. కారణం చెప్పలేకపోతే దిమ్మలన్నీ ఊడదీసుకుపోతారు. తొమ్మిదేళ్ల పని.

గురువారం మధ్యాహ్నం తేజోవతి ఆ నలభై ఇళ్లలో ఒకటైన అప్పాయమ్మ వంటింట్లో పీట వేసుకుని కూర్చుని పొయ్యినే అడిగింది.

“దిమ్మలో లీకు ఉందా?”

“లేదు,” అంది పొయ్యి. “నిన్న తొమ్మిది నిమిషాలకే ఆపమన్నాను. ఆపలేదు.”

“ఈ ఇంట్లోనా?”

“నలభై ఇళ్లలోనూ. అందరూ పన్నెండూ నలభైకి, ఒకే నిమిషంలో ఆపారు.”

తేజోవతికి తల తిరిగిపోయింది. ఒకదానికొకటి పొంతన లేని నలభై వంటలు. కందిపప్పు ఒకచోట, చామదుంపలు ఒకచోట. అన్నీ ఒకే నిమిషంలో ఎలా ఉడుకుతాయి? అప్పాయమ్మను అడిగితే, “ఏమోనమ్మా, ఉడికితే తెలుస్తాది కదేటి,” అంటుంది. ఎలా తెలుస్తుందో చెప్పలేదు.

“పప్పు ఉడికింది,” అంది పొయ్యి.

అప్పాయమ్మ కదల్లేదు. వంకాయలు తరుగుతూనే ఉంది. కానీ ఎడమచేతి బొటనవేలు చూపుడువేలి కణుపు మీద నుంచి పై కణుపు మీదికి జరగడం తేజోవతి చూసింది. చెవి ఒగ్గింది. వీధి చివర ఎక్కడో, సన్నగా, కుక్కర్ విజిల్!

“అదెవరిది?”

“ఆదెమ్మ పిన్నిది. పాత పొయ్యి వదల్నంది కదా. ఆరు ఈలలొచ్చాక నేను ఆపుతాను.”

“ఆవిడ కుక్కర్‌కి, మీ పప్పుకి ఏమిటమ్మా సంబంధం?”

“మీ పొయ్యి ఈలెయ్యదు కదమ్మా! దేన్ని లెక్కెట్టుకోవాలి మరి?”

“పోనీ దీనికే విజిల్ పెడితే?”

అప్పాయమ్మ పకపకా నవ్వింది. “పెట్టండి, కాకి కూతా పెట్టండి. ఆవిరి లేని ఈలెవరు నమ్ముతారు?”

“మరి మంగళవారాలు?”

“సంత కదా. పిన్ని అమ్మకానికి శనగ గుగ్గిళ్లేస్తాది. పన్నెండు ఈలలు. ఆ రోజు మా పప్పు జావే అనుకోండి.”

తేజోవతి వీధి చివరికి పరుగులాంటి నడకతో వెళ్లింది. ఆదెమ్మ గడప పక్కన దుప్పటి కప్పుకుని కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి. మొహం జ్వరంతో ఎర్రగా ఉంది. పక్కన గ్లాసులో గంజి. కుక్కర్ ఆరో ఈల వేసి చల్లబడుతోంది.

“ఏం వండారు మామ్మా?”

“మూత తీసి చూడు తల్లీ.”

తేజోవతి చూసింది. లోపల నీళ్లు తప్ప ఏమీ లేవు.

“మూడు రోజులై జరం. నాకు గంజే,” అంది ఆదెమ్మ. “మొన్న కుక్కరెట్టలేదు. మజ్జాన్నం రెండైనా వీధిలో ఒక్క పిల్లకి అన్నం పెట్టలేదు. ఇంకా అవలేదు, ఇంకా అవలేదు అంటారు. అందుకే నీళ్లెడుతున్నాను.”

తేజోవతికి కోపం రావాలో, ఆ కాళ్లకు దండం పెట్టాలో అర్థం కాలేదు. చివరికి పక్కన కూర్చుంది. “మూడు ఈలలకే ఆపగలరా?”

“పప్పు గంటముందు నానేసుకోమను. మూడు చాలు. గుగ్గిళ్లు భోజనాలయ్యాక వేసుకుంటాను.”

బుధవారానికి ఖర్చు సగానికి దిగింది. సంఘాధ్యక్షుడు వేదాచలం అప్పాయమ్మ ఇంట్లోనే భోజనానికి కూర్చుని లెక్కలు మెచ్చుకున్నాడు. జిల్లా అంతా పెట్టిద్దామన్నాడు. కావలసిన సామాను జాబితా చివరి వరుస దగ్గర ఆగాడు.

“‘వీధికొక పాత కుక్కర్, జీతం మీద ఒక మనిషి.’ ఇదేమిటమ్మా?”

“అది లేకపోతే మిగతాది పనిచెయ్యదు సార్.”

“యంత్రం తనే చెబుతుంటే మనిషెందుకు? కొట్టేస్తున్నాను.” పెన్ను మూత తీశాడు.

“పప్పు ఉడికింది,” అంది పొయ్యి.

ఆకలి మీదున్న అతిథి కదా అని అప్పాయమ్మ ఆ ఒక్కరోజుకు పొయ్యి మాట విని మీట మీద చెయ్యి వేసింది.

“ఆగమ్మా, ఆగు,” అన్నాడు వేదాచలం. “రెండు ఈలలే కదా వచ్చాయి?”

అనేశాక ఆయన పెన్ను వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. మూడోది వచ్చాక అప్పాయమ్మ మీట నొక్కింది, ఆయన పెన్నుకు మూత పెట్టాడు.