నీళ్లల్ల తెగిన పోగు

గుహ చూడవోదామని పట్టుబట్టింది నేనే. మా ఆయన కిట్టుకు దగ్గు. శాంతి నగర్‌ల బట్ట నేసే సాంచెలు నడిపేటోళ్లందరికీ దూది దుమ్ముతోని దగ్గు ఉంటది గని, ఆయనది గల్లీ మొత్తం గుర్తుపట్టే దగ్గు. రెండు పొడి దగ్గులు, ఆగి ఒక పెద్దది, చివర్ల సన్నగ ఈల. రాత్రిపూట ఆ ఈల వినుకుంట పండుకునేదాన్ని. ఈ మనిషి నాకు ఎన్నేండ్లు మిగుల్తడో అని ఒకటే భయం.

పూర్ణ ఊరి దిక్కు గోదాము కోసం గుట్ట తవ్వుతుంటే లోపల చెరువంత నీళ్లు బయటపడ్డయట. ఆ జాగ ఓనరు రంగుల లైట్లు కట్టి, పడవ వేసి, టికెట్ పెట్టిండు. లోపల గాలి చల్లగ, దుమ్ము లేకుండ ఉంటదని మొబైల్ల వీడియో చూసి మురిసిపోయిన. పడవ నడిపే మరాఠీ మనిషి దత్తాత్రికి ఫోన్ చేసి, సాంచెలు బంద్ ఉండే శుక్రవారానికి రెండు సీట్లు చెప్పిన.

నా మొహానికి చల్లగాలి ఒకటే తక్కువ! మెట్లు దిగుతుంటేనే ముక్కు మూసుకున్న. పులిసిపోయిన గంజి వాసన. గోడల నిండ గుట్కా ఉమ్ములు. రెయిలింగ్ పట్టుకుంటే చెయ్యంత జిగట, చీరకు ఎంత తుడిచినా పోలే. నీళ్ల మీద తెల్లటి పొర, పాల మీది మీగడ లెక్క. తెడ్డు పడ్డప్పుడల్లా ఆ పొర చినిగి, మెల్లగ మళ్ల అతుక్కుంటుంది. ఛీ, దీనికి టికెట్టా!

"ఎట్లున్నదే నీ చల్లగాలి?" అని ఆయన నవ్విండు, నవ్వుకుంట దగ్గిండు. మా మాటలన్నీ గోడలకు తగిలి తిరిగొచ్చినయి. ఆ దగ్గు మాత్రం తిరిగి రాలే.

దత్తాత్రి తెడ్డు ఆపిండు. "భావూ, ఇక్కడ ఏదీ ముట్టకు," అన్నడు ఆయనతోని హిందీల, గొంతు తగ్గించి.

"ఎందుకు?"

"ముట్టకు అంతే."

ఇంకా లోపలికి పోతే లైట్లు గూడ లేవు. దత్తాత్రి టార్చి ఒకటే. ఆ వెలుగుల పైకప్పు నుంచి ఒక నూలు పోగు వేలాడుతుంది. సరిగ్గ దాని కింద, నీళ్లలకెళ్లి ఇంకొక కొస తేలుతుంది.

సాంచె మీద పోగు తెగితే ఆయన ఆలోచించడు, చెయ్యే పోతది. ఇంట్ల కూసున్నా నా కొంగు దారాలు ముడేస్తనే ఉంటడు. నేను "వద్దయ్యా" అనేలోపే ఆ నీళ్ల కొసను నోట్లె పెట్టి, పెదవులతోని తడిపి, పైకొసకు కలిపి ముడేసిండు. ఆయనది ఎడమచేతివాటం. ముడి తోక ఎప్పుడూ ఎడమకే ఉంటది.

"థూ! ఆ నీళ్లు నోట్లె పెడ్తవా?"

పోగు బిర్రుగ అయ్యింది. సర్రున నీళ్లలకు పోయింది... ముడితోని సహా. దత్తాత్రి పడవ వెనక్కి తిప్పి, ఒడ్డు చేరేదాక మా మొహాలు చూడలేదు.

ఇంటికొచ్చి పొద్దుగూకంగ అన్నం ముందట కూసున్నడో లేడో, దగ్గు మొదలైంది. ఆగదు. కండ్లు తేలేసిండు. "గొంతుల ఏదో... చూడే కళా..." నోరు తెరిస్తే నాలుక మీద తెల్లటి కొస.

పట్టి గుంజిన. వచ్చింది. ఇంకా వచ్చింది... ఎంగిలి, జిగట, అదే పులిసిన గంజి వాసన. నా ఒళ్లె తడి కుప్ప పడుతుంది. వాంతి గొంతుదాక వస్తే మింగిన. మళ్ల గుంజిన.

చివరికి ముడి వచ్చింది. తోక ఎడమకు.

నా చెయ్యి ఆగింది. ఆగంగనే... లోపలి నుంచి గుంజిండ్రు.

నా మొగుని కడుపులకెళ్లి. ఎవరో. మెల్లగ...

కత్తెర అందుకున్న. ఆయన నా మణికట్టు గట్టిగ పట్టుకుండు. వద్దని తల ఊపుతుండు, కండ్లల్ల నీళ్లు. నొప్పికి అనుకున్న. "ఒక్క నిమిషం ఓర్సుకోయ్యా," అని ముడి కింద, పెదవుల కాడ తెంపిన. లోపలి కొస సేమియా లెక్క జర్రున గొంతులకు జారింది. గుటక వడ్డది.

దగ్గు ఆగిపోయింది. కడుపునిండ తిన్నడు. రాత్రంత ఈల లేదు. నేను దేవునికి దండం పెట్టుకొని, ఆ కుప్పను కవర్ల చుట్టి మోరీల పారేసిన.

తెల్లారి ఆయన చాయ్ ముందట కూసున్నడు. దత్తాత్రి ఫోన్ చేసిండు.

"తాయీ, మీ ఆయన ఇంట్లనే ఉన్నడా?"

"నా ముందటనే ఉన్నడు. ఏమైంది?"

"రాత్రి నుంచి నీళ్లలకెళ్లి ఎవరో పిలుస్తున్నరు. నాకు మీ భాష రాదు. వినుండ్రి..."

ఫోన్ నీళ్ల దిక్కు పెట్టినట్టున్నడు. నీళ్ల చప్పుడు. తర్వాత రెండు పొడి దగ్గులు. ఆగి, ఒక పెద్దది. చివర్ల... ఈల.

"కళా... ఎందుకు తెంపినవే..."

ముందట కూసున్న మనిషి తల ఎత్తిండు. "ఎవరే ఫోన్ల?"

"ఎవరు కాదు," అన్న.

చాయ్ మీద కట్టిన మీగడను వేలితోని తీసి నోట్లె వేసుకుండు. నా కొంగుకు దారం తెగి వేలాడుతుంటే, దగ్గరికి జరిగి, పెదవులతోని తడిపి ముడేసిండు.

ముడి తోక కుడికి ఉన్నది.